ఆర్డర్ పైనుంచి, శిక్ష కిందికి

సైనికుడన్నవాడు ఆలోచించకూడదు. ఇది ఆవేశంలో అంటున్న మాట కాదు. ఉద్యోగమంతా అనంతపురంలో ట్రెజరీ బిల్లుల మీద ఆబ్జెక్షన్లు రాసి రిటైరైనవాణ్ణి. జమాఖర్చులు సరిచూసుకోకుండా నోరు విప్పే అలవాటు నాకు లేదు.

ముందు ఆలోచించినవాళ్ళ ఖాతా చూద్దాం. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో, చేతిలో కర్ర కూడా లేని జనం మీద కాల్చమని గఢ్వాల్ రైఫిల్స్‌కు ఆర్డర్ వచ్చింది. చంద్రసింగ్ గఢ్వాలీ అనే హవల్దారు కాల్చేది లేదన్నాడు. ఆయన వెంట ఉన్నవాళ్ళూ తుపాకులు దించేశారు. కోర్టు మార్షల్ పెట్టి ఆయనకు యావజ్జీవం వేశారు, ఉన్న ఆస్తి జప్తు చేశారు. 1941లో గానీ బయటికి రాలేదు. 1979లో పోయాడు. 1994లో తపాలా శాఖ వారు ఆయన బొమ్మతో స్టాంపు వేశారు. అంతటితో పద్దు చెల్లు.

రెండో పద్దు అమెరికాది. 1968 మార్చి 16న వియత్నాంలోని మై లాయ్ అనే ఊళ్ళో తమ సైనికులే ఆడవాళ్ళనూ పిల్లలనూ ముసలివాళ్ళనూ కాల్చేస్తుంటే హ్యూ థాంప్సన్ అనే హెలికాప్టర్ పైలట్ ఆకాశం నుంచి చూశాడు. చూసి తన దారిన పోవాల్సింది. పోకుండా హెలికాప్టర్‌ను ఆ సైనికులకూ ఊరివాళ్ళకూ మధ్య దించి, మనవాళ్ళు వీళ్ళను కాలిస్తే మీరు మనవాళ్ళనే కాల్చండని తన గన్నర్లకు చెప్పాడు. ఆ రోజు చచ్చినవాళ్ళు అమెరికా లెక్కలో 347 మంది, వియత్నాం లెక్కలో 504. ప్రతినిధుల సభలో సైనిక వ్యవహారాల కమిటీ పెద్ద మెండెల్ రివర్స్ ఇంతా విని, అక్కడ శిక్ష పడాల్సినవాడు ఎవడైనా ఉంటే థాంప్సన్ ఒక్కడేనన్నాడు. సోల్జర్స్ మెడల్ అనే పతకం 1998లో వచ్చింది. ముప్పై ఏళ్ళు! మా సెక్షన్‌లో మెడికల్ రీయింబర్స్‌మెంట్ బిల్లు కూడా అంతకాలం నానలేదు.

ఇక మాట విన్నవాళ్ళ ఖాతా. జలియన్‌వాలాబాగ్‌లో 50 తుపాకులు, 1650 తూటాలు, సర్కారు లెక్కన 379 శవాలు. ఆర్డర్ ఇచ్చిన డయ్యర్ ఉద్యోగం పోయింది నిజమే. అయితే మార్నింగ్ పోస్ట్ పత్రిక వారు చందాలెత్తి ఆయన చేతిలో 26 వేల పౌండ్ల పైచిలుకు పెట్టారు. తుపాకులు పట్టిన 50 మంది మీద కేసు లేదు, వాళ్ళ పేర్లు ఏ స్కూలు పుస్తకంలోనూ లేవు. మై లాయ్‌లో, పైవాడు చెప్పాడు నేను చేశానన్న లెఫ్టినెంట్ కాలీకి 22 మందిని చంపినందుకు 1971లో యావజ్జీవం పడింది. ఒకట్రెండు రోజుల్లోనే అధ్యక్షుడు నిక్సన్ ఆయన్ను జైల్లో వద్దు, క్వార్టర్స్‌లో ఉంచండన్నాడు. 1974 కల్లా బయటపడ్డాడు. ఆ పైవాడు, కెప్టెన్ మెడీనా, నిర్దోషి. మొత్తం కేసులో శిక్ష పడింది కాలీ ఒక్కడికే. ఇంతకంటే లాభసాటి ఖాతా నేను చూడలేదు.

తెల్లారకముందే మా ఊరి పీటీసీ గ్రౌండ్‌కు వెళ్తే అగ్నివీర్‌కు తయారయ్యే పిల్లలు కనిపిస్తారు. నాలుగేళ్ళ ఉద్యోగం కోసం 1600 మీటర్లు ఉరుకుతుంటారు. మొన్న కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన పిల్లోడొకడు, మీసం కూడా సరిగ్గా మొలవలేదు, రౌండు ముగించి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ ఉస్తాదును అడిగినాడు: "సార్, ఒకవేళ ఆఫీసరు తప్పుడు ఆర్డర్ ఇస్తే ఏం చేయల్ల?"

రిటైర్డ్ హవల్దారైన ఆ ఉస్తాదు స్టాప్‌వాచీ మీంచి చూపు తిప్పలేదు. "ముందు నువ్వు ఐదున్నర నిమిషాల్లో ఉరుకు నాయనా. తప్పుడు ఆర్డర్ ఇయ్యాలన్నా ముందు నిన్ను సెలెక్ట్ చేయల్ల గదా."

ఆ పిల్లోడికి ఎవరూ చెప్పనిది 1950 నాటి ఆర్మీ చట్టంలో 41వ సెక్షన్ చెప్తుంది. పై అధికారి స్వయంగా ఇచ్చిన చట్టబద్ధమైన ఆదేశాన్ని కావాలని ధిక్కరిస్తే 14 ఏళ్ళ దాకా శిక్ష. చట్టబద్ధం కానిదైతే ఆ సెక్షన్ వర్తించదు. ఏది చట్టబద్ధమో తేల్చుకోవలసింది ఎవరయ్యా అంటే, జవానే. ఇద్దరు జడ్జీలు తేల్చలేక ముగ్గురి బెంచీకి పంపే సంగతిని ఇంటర్ పాసైన పిల్లోడు ట్రిగ్గర్ మీద వేలుంచి తేల్చాలి. అటు తప్పితే 14 ఏళ్ళు, ఇటు తప్పితే నురెంబర్గ్. జర్మనీలోని ఆ ఊళ్ళో 1946లో హిట్లర్ ఫీల్డ్ మార్షల్ కైటెల్ అంతటివాడే పైవాడి ఆజ్ఞ అన్నా యుద్ధనేరాల కోర్టు వినలేదు. కనీసం తుపాకీతో కాల్చి చంపమంటే అదీ కాదని ఉరేశారు. దెబ్బ తిన్నారు గనక జర్మన్లు 1956లో సైనికుల చట్టంలోనే రాసుకున్నారు, మనిషి గౌరవాన్ని మంటగలిపే ఆర్డర్‌ను పాటించకపోతే అది అవిధేయత కాదని. మన భారతీయ న్యాయ సంహిత 14వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉంది: చట్టం ఆజ్ఞల మేరకు, పై అధికారి చెప్పగా గుంపు మీద కాల్చిన సైనికుడిది నేరం కాదు. 1860 నాటి ఐపీసీ 76వ సెక్షన్‌లోనూ ఇదే ఉదాహరణ. చట్టం పేరు మారింది, నంబరు మారింది, ఆ సైనికుడు మాత్రం అదే గుంపు మీద అలాగే కాలుస్తున్నాడు.

సైన్యం దాకా ఎందుకు? 1961లో అమెరికాలో మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 40 మంది మామూలు మనుషులను కూర్చోబెట్టి, పక్కగదిలో ఉన్నవాడికి షాకులివ్వమన్నాడు. షాకులు ఉత్తుత్తివే, అరుపులూ ఉత్తుత్తివే, కానీ మీటలు నొక్కేవాళ్ళకు ఆ సంగతి తెలియదు. కోటు తొడుక్కున్న ఒకాయన కానివ్వండి అంటుంటే 26 మంది 450 వోల్టుల దాకా పోయారు. మా సప్తగిరి సర్కిల్‌లో పెట్టివుంటే ఆ కోటు ఖర్చు కూడా మిగిలేది. "పైనుంచి చెప్పినారు" అంటే చాలు.

మన సీమకు ఈ విద్య కొత్త కాదు. 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోవెలకుంట్లలో ఉరితీసి, తలను కోట గోడకు వేలాడదీశారు. 1877 దాకా అది అక్కడే ఉంది. ఉరికి ఆర్డర్ ఉంది, వేలాడదీయడానికి ఆర్డర్ ఉంది, దించడానికి ముప్పై ఏళ్ళు ఎవరికీ ఆర్డర్ రాలేదు కాబోలు. ఈలోపు ఎందరు సిపాయిలు, ఎందరు బంట్రోతులు డ్యూటీ మారి ఉంటారు! ఈ తాళాలు, ఈ దస్త్రాలు, ఆ తల అంటూ ఛార్జి అప్పగించి, సంతకం చేసి ఇంటికెళ్ళి సంగటి తిని ఉంటారు. రెడ్డి వెంట నడిచినవాళ్ళలో కట్టుబడులు చాలామంది. తరతరాలుగా చెప్పినట్టు ఊళ్ళు కాచినవాళ్ళే. కుంఫిణీ వారు ఇనాం భూములు లాక్కున్నాకే వాళ్ళు ఎదురు తిరిగింది. జీతాలు ఒకటో తేదీనే పడాలని ట్రెజరీ వాళ్ళం ఎందుకంటామో ఇప్పటికైనా గ్రహించగలరు.

అసలు నా ఆబ్జెక్షన్ వేరే ఉంది. 41వ సెక్షన్‌లో ఆదేశం నోటితో ఇచ్చినా, రాసి ఇచ్చినా, సైగతో ఇచ్చినా, మరో రకంగా ఇచ్చినా ఒకటేనన్నారు. సైగ! మా దగ్గర ఐదొందల రూపాయల ప్రయాణ ఖర్చుల (టీఏ) బిల్లుకు డబ్బు డ్రా చేసే అధికారి, అంటే డీడీఓ సంతకం కావాలి, అది స్పెసిమెన్‌తో సరిపోవాలి, కింద స్టాంపు పడాలి. సున్నా కొట్టేసి దిద్దితే పక్కన పొట్టి సంతకం లేదని వెనక్కి పంపినవాణ్ణి నేను. ఊరు తగలబెట్టడానికి మాత్రం గడ్డం ఇలా ఎత్తితే చాలునట.

అందుకని ఒక ఫారం తయారుచేశాను. మూడు ప్రతులు. యుద్ధంలో ఫారాలెక్కడ నింపుతామంటారని తెలుసు. ఎదురుగా శత్రువు తుపాకీ గురిపెట్టి ఉంటే మినహాయింపు. ఎదుట ఉన్నది పసిపిల్లను ఎత్తుకున్న ఆడమనిషైతే నింపే తీరిక ఉంటుంది. మొదటి గడిలో ఆర్డర్ ఏమిటో, రెండో గడిలో ఎంతమంది పోవచ్చో సుమారుగా, మూడో గడిలో రేపు కోర్టు అడిగితే ఎవరిని పిలవాలో. నాలుగో గడిలో, ఆర్డర్ ఇచ్చినాయన పెన్షన్ ఏ ట్రెజరీలో తీసుకుంటాడో. ఆ నాలుగోది ఒక్కటి నింపించండి, మిగతావి ఖాళీగా వదిలేసినా ఆబ్జెక్షన్ పెట్టను.