అల్పపీడనంలో చేతక్‌కు కొత్త రంగు

బంగాళాఖాతంలో అల్పపీడనమని వినగానే విశాఖలో జాలర్లు పడవలను ఒడ్డుకు లాగుతారు. గృహస్థులు పాత బజాజ్ చేతక్ స్కూటర్‌ను మెట్ల కిందికి లాగి రంగు డబ్బా మూత తీస్తారు. వానకి బయటికెళ్లే పని లేదు కదా!

గాలిలో తేమ 85 శాతం దాటితే ఆ మూత తీయకూడదన్నది పెయింటర్లు పెట్టుకున్న మూఢనమ్మకం కాబోలు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగులోని థిన్నర్ ఎగిరిపోతూ రేకును చల్లబరుస్తుంది. తేమ వచ్చి తడి రంగు మీద కూర్చుంటుంది. నీలం స్కూటర్ కాస్తా విభూతి పూసుకున్నట్టు పాలిపోతుంది. నెమ్మదిగా ఎగిరే రిటార్డర్ థిన్నర్ కొద్దిగా కలిపితే కొంత ఊరట. పక్కింటాయన చెప్పినట్టు ఇంకో కోటు కొడితే లోపలి తేమకు శాశ్వత నివాసమే.

ఇక ఆరబెట్టే ఘట్టం. 200 వాట్ల బల్బు వేలాడదీస్తారు. వాన వెలుస్తుంది. ఊళ్లో ఉన్న ఉసుళ్లన్నీ పేరంటానికొచ్చినట్టు దిగి, తడి రంగు మీద వాలి, రెక్కలు అక్కడే అప్పగిస్తాయి. ఇంటావిడ కనుబొమల పట్టకారుతో ఒక్కో రెక్కే పీకుతుంటే, పీకిన చోటల్లా ఓ గుంట. ఈలోగా మేడ మీది మావయ్యగారు దిగొచ్చి "ఆరిందేటి?" అని బొటనవేలు ఆనిస్తారు. ఆధార్ కేంద్రంలో ఏడుసార్లు నొక్కినా పడని వేలిముద్ర ఇక్కడ గీతలతో సహా పడుతుంది.

ఉప్పుగాలి ఊరు కాబట్టి రుద్దే ముందు మంచినీళ్లతో కడిగి ఆరనివ్వాలి. 80 నంబరు ఎమరీ కాగితంతో తుప్పు పోయి తెల్ల రేకు కనబడేదాకా రుద్దాలి. లప్పం నీళ్లు పీలుస్తుంది. దాన్ని తడిపి రుద్ది, ఆరకుండానే రంగేస్తే కొన్నాళ్లకు పొక్కులే.

పొక్కులొస్తే వచ్చాయి, చూడ్డానికే కదా బాగోదు. ఫుట్‌బోర్డు అలా కాదు. చేతక్‌కు వేరే చాసిస్ లేదు, ఆ రేకు ఒళ్లే దాని ఎముక. తుప్పు తినేసి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగబడే చోట పాత పేపరు కుక్కి, లప్పం పామి, రంగేసి, "సింగిల్ ఓనర్, నీట్ కండిషన్" అని అమ్మేవాళ్లున్నారు. కొన్నవాడి పిల్లాడు హ్యాండిల్ పట్టుకుని నిలబడేది అక్కడేరా! సిగ్గుండక్కర్లేదా? ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించండి, అతుకు మీద ఎపాక్సీ ప్రైమర్ పట్టించండి. నీలం రంగు సంక్రాంతి ఎండల్లో కొట్టుకోవచ్చు.