పుట్టికి 17 కేజీల తరుగు

మహారాజశ్రీ టీటీ బయింగ్ రేటు గారి సముఖానికి,

కోవూరు నుంచి డాలర్ల రైతు ఒకడు రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు ఏ కాలంలోనైనా క్షేమంగానే ఉంటారని తెలుసు, అయినా మర్యాదకి అడుగుతున్నాను.

ముందు తమరి పేరు సంగతి. బయటి దేశం నుంచి వచ్చిన డాలర్లని బ్యాంకు మా దగ్గర కొనే రేటు తమరు. టీటీ అంటే టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్ అని బ్యాంకులో చెప్పారు. మన దేశంలో టెలిగ్రామ్ 2013 జులైలోనే మూతపడింది. తంతి ఆఫీసుకి తాళం పడి ఇన్నేళ్లయినా, తమరు మాత్రం ఆ తంతి పేరు చెప్పుకుని మమ్మల్ని తంతూనే ఉన్నారు.

నేను మా అమ్మ వంటలు వీడియో తీసి యూట్యూబ్‌లో పెడతాను. బొమ్మిడాయిల పులుసు వీడియో ఒకటి అమెరికాలోని మనవాళ్లకి బాగా ఎక్కింది. మామిడికాయ ముక్కలు వేసే దగ్గర చాలామంది వెనక్కి తిప్పి మళ్లీ చూస్తారు, పాపం. ఆ చూపుల మీద కూడా పన్నుంది. అమెరికాలో చూసినవాళ్ల వల్ల వచ్చే ప్రకటనల వాటాలో 2021 జూన్ నుంచి అక్కడి ప్రభుత్వానికి కొంత పట్టుకుంటున్నారు. ఫారం నింపి పెడితే రెండు దేశాల ఒప్పందం ప్రకారం 15 శాతం. పోనీ, అది రాసి పెట్టిన కోత, కంటికి కనిపిస్తుంది. మిగిలింది 100 డాలర్లు అయ్యేదాకా కదలదు. అయ్యాక, తర్వాతి నెల 21కీ 26కీ మధ్య బయల్దేరుతుంది. మాకు మొదటి వంద పూర్తవడానికి 11 నెలలు పట్టింది. ఈలోగా నాయన రెండు పంటలు కోశాడు.

మా ఊరి బ్రాంచికి విదేశీ సొమ్ము అందుకోవడానికి కావాల్సిన స్విఫ్ట్ కోడ్ లేదు కాబట్టి నెల్లూరు బ్రాంచిది ఇచ్చాం. ఒకరోజు ఫోనొచ్చింది. ఖాతా అమ్మ పేరు మీద ఉంది, ఆమెను బండెక్కించుకుని పెన్నా బ్రిడ్జి దాటి వెళ్లాను.

"విదేశాల నుంచి దుడ్లొచ్చినాయమ్మా. ఎవరు పంపినారు? కొడుకులు ఉండారా ఆడ?" అన్నాడు కౌంటర్లో అబ్బాయి.

"ఉండాడు గదయ్యా, ఇదో, పక్కనే," అంది అమ్మ.

అతను నవ్వాడు గానీ చెయ్యి ఆగలేదు, పీ1301 కొట్టేశాడు. ఆ కోడ్‌కి అర్థం, ప్రవాసంలో ఉన్న మనిషి కుటుంబ పోషణకి పంపిన సొమ్ము అని. నేను పక్కనే బండి తాళాలు పట్టుకుని నిలబడి ఉండగానే రిజర్వు బ్యాంకు లెక్కల్లో అమెరికా వెళ్లిపోయాను. నిజానికి మమ్మల్ని పోషించేది పులుసు. దాన్ని ప్రకటనల ఆదాయం కింద పీ1007కి మార్పించేసరికి ఒక ఉత్తరం, మూడు సంతకాలు, రెండు రోజులు.

ఇక తమరి దర్శనం. వచ్చింది 112 డాలర్లు. ఆ పూట ఫోన్లో డాలరు 88 రూపాయల 70 పైసలు. తమరు ఇచ్చింది 86 రూపాయల 90 పైసలు. అదేంటని అడిగితే, ఫోన్లో కనిపించేది నడిమి రేటు, అది కొనేదీ కాదు, అమ్మేదీ కాదు అన్నారు. మరి అమ్మేది ఎంతో పక్క కుర్చీలోనే తెలిసింది. కూతురి కాలేజీ ఫీజు కట్టడానికి వచ్చిన ఒకావిడకి అదే డాలరుని 90 రూపాయల 40 పైసలకి అమ్ముతున్నారు. నా డాలర్లు ఆమెకిచ్చి ఆమె రూపాయలు నేను తీసుకుంటే ఇద్దరం బాగుపడతాం కదా అని ఒక్క క్షణం అనిపించింది. అది విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా ఒప్పుకోదట. మూడున్నర రూపాయల సందు దాటడానికి తమరికి మాత్రమే లైసెన్సు.

స్లిప్పు చూశాను. మార్చినందుకు జీఎస్టీ 45 రూపాయలు. 25,000 రూపాయల లోపు ఎంత మార్చినా అదే 45, చిన్నవాడికీ ఇంకా చిన్నవాడికీ సమానత్వం. బ్యాంకు చార్జీ 100, దాని మీద జీఎస్టీ 18. అన్నీ పోను 9,569 రూపాయల 80 పైసలు జమ. ఫోన్ రేటు లెక్కన 9,934 పైచిలుకు రావాలి. 364 రూపాయలు తేడా వస్తే, స్లిప్పులో 163కే లెక్కుంది. మిగతా 201 ఏ గడిలోనూ లేదు. అది తమరు.

ఇంటికొచ్చి నాయనకి చెప్పాను. ఆయనకి డాలరు తెలియదు, పుట్టి తెలుసు. మా నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కేజీల వడ్లు. డాలరుకి ఒకటీ ఎనభై అంటే నూటికి రెండు, అని వేళ్ల మీద లెక్క కట్టాడు.

"పుట్టికి 17 కేజీలు తీసినట్టు రా అబ్బయ్యా. మన మిల్లోడు కూడా తీస్తాడు. తేమ ఉండాది, తాలు ఉండాది అంటాడు. కానీ ఇంత తీస్తుండానని మొహాన చెప్తాడు, మనం ఓ మాటంటాం, రెండు కేజీలు తగ్గిస్తాడు."

తమరితో ఆ మాట అనడానికి మనిషే లేడు. అల్లూరు దగ్గర రొయ్యల గుంటలున్న మా మేనమామ చెప్పాడు, కంటైనర్ల లెక్కన ఎగుమతి చేసేవాళ్లు బ్యాంకుకి ఫోన్ చేసి పైసా పైసాకి బేరమాడతారట, తమరు దిగొస్తారట కూడా. వంద డాలర్ల వాడికి మాత్రం పొద్దున వేసిన కార్డు రేటే గతి. మామకీ తమరి వంశం మీద కోపమే. డాలరు పడితే ఆ సాయంత్రానికే రొయ్య రేటు కోస్తారు, లేస్తే మాత్రం ఆ కబురు గుంట గట్టు దాకా రాదు.

తమరిని పూర్తిగా మానుకోమని అడగను. నోరు తెరిచిన దేవుడికి నైవేద్యం తప్పదు. స్లిప్పులో ఇంకో గడి వేయించండి. దాని మీద తెలుగులో 'తరుగు' అని రాసి, పక్కన ఎంత తీశారో వేయండి. ఆ 201 రూపాయలు నా కళ్లతో నేను చూసుకుంటాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
పీ1301గా పుట్టి పీ1007గా మారిన
కోవూరు వాసి

తా.క.: నాయన ఒక మాట అడగమన్నాడు. వడ్లకైతే తేమ, మరి డాలరు ఎక్కడ తడిసిందని?