కీళ్లవాతం మందులు మానేస్తే లింఫోమా తప్పుతుందా?

“రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు ఇచ్చే మెథోట్రెక్సేట్, బయోలాజిక్ ఇంజెక్షన్లే లింఫోమా తెస్తున్నాయి. హెచ్చరిక కంపెనీలే రాశాయి. మానేస్తే ముప్పు పోతుంది.” ఈ సందేశం చాలామందికి చేరింది. లింఫోమా అంటే లింఫోసైట్లనే తెల్లరక్తకణాల్లో పుట్టే క్యాన్సర్. బయోలాజిక్స్ అంటే రోగనిరోధక వ్యవస్థలో ఒక్కో భాగాన్ని అడ్డుకునే మందులు. ఒక్కో మాటా చూద్దాం.

మందులే తెస్తున్నాయా? ఈ జబ్బున్నవాళ్లలో లింఫోమా మామూలు జనంలో కన్నా సుమారు రెట్టింపు. బయోలాజిక్స్ రాకముందూ అంతే. ఏళ్ల తరబడి చల్లారని ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు, మంట) వల్ల బి కణాలు (ఒక రకం తెల్లరక్తకణాలు) అదేపనిగా విభజన చెందుతాయి. విభజన పెరిగేకొద్దీ జన్యువుల్లో తప్పు దొర్లే అవకాశమూ పెరుగుతుంది. 2006 నాటి స్వీడన్ అధ్యయనంలో ముప్పు విపరీతంగా పెరిగింది జబ్బు ఎక్కువకాలం తీవ్రంగా ఉన్నవాళ్లలోనే. పైగా “రెట్టింపు” అంటే ఎంత? పాశ్చాత్య దేశాల్లో లింఫోమాల్లో ఎక్కువగా కనిపించే రకం, నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా, ఏటా లక్షమందిలో దాదాపు 20 మందికి వస్తుంది. అది 40 అయిందనుకున్నా, మిగతా 99,960 మందికి ఆ ఏడాది రాలేదన్నమాటే.

హెచ్చరిక మాట నిజమే. టీఎన్‌ఎఫ్ మందులపై (ఇన్‌ఫ్లమేషన్ పెంచే టీఎన్‌ఎఫ్ ప్రోటీన్‌ను అడ్డుకునే బయోలాజిక్స్) అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో పిల్లలు, కౌమారుల విషయంలో ఆ హెచ్చరికను కఠినం చేసింది. అందులో చెప్పే హెపటోస్ప్లీనిక్ టి-సెల్ లింఫోమా (కాలేయం, ప్లీహాల్లో వచ్చే అరుదైన రకం) ఎక్కువగా కనిపించింది పేగుజబ్బుకు రోగనిరోధక శక్తిని తగ్గించే అజాథియోప్రిన్ లాంటివి కూడా వాడిన కుర్రవాళ్లలో. కీళ్లవాతం ఉన్న పెద్దల్లో టీఎన్‌ఎఫ్ మందులతో లింఫోమా పెరిగినట్టు ఈ మందులు వాడేవాళ్ల వివరాలు నమోదుచేసే బ్రిటన్ రిజిస్ట్రీలో తేలలేదు.

నిజంగా ఆలోచించాల్సిన మందును సందేశం వదిలేసింది: కీళ్లవాతానికే ఇచ్చే మాత్ర, టోఫాసిటినిబ్. యాభై దాటి, గుండెజబ్బు ముప్పు కనీసం ఒకటి ఉన్నవాళ్లపై చేసి 2022లో ప్రచురించిన పరీక్షలో, టీఎన్‌ఎఫ్ మందులతో పోలిస్తే దీనితో క్యాన్సర్లు ఎక్కువ కనిపించాయి. 65 దాటినవాళ్లు, పొగతాగేవాళ్లు దీని గురించి డాక్టరును అడిగి తీరాలి.

మెథోట్రెక్సేట్‌తో అరుదుగా లింఫోమా లాంటి పెరుగుదల వస్తుంది, తరచు ఎప్‌స్టైన్-బార్ వైరస్ (చాలామంది ఒంట్లో నిద్రాణంగా ఉండేది) తోడుగా. కొందరిలో మందు ఆపిన కొన్ని వారాలకే తగ్గిపోతుంది కూడా. కాబట్టి ముందే భయపడి ఆపడం కాదు, లక్షణం కనిపిస్తే డాక్టరుతో చెప్పి ఆపాలి. ఊరికే మానేస్తే కీళ్లు అరగడమే కాదు, లింఫోమాకు దారితీసే ఆ ఇన్‌ఫ్లమేషనే మళ్లీ రగులుతుంది.

మెడలో, చంకలో, గజ్జల్లో నొప్పిలేని బిళ్ల నాలుగు వారాలు దాటాక కూడా తగ్గకపోయినా, రాత్రి బట్టలు తడిసేంత చెమట పట్టినా, ఆరు నెలల్లో బరువు పదోవంతు తగ్గినా చూపించుకోవాలి. సూదితో తీసిన నమూనా చాలాసార్లు చాలదు, వీలైతే గ్రంథి మొత్తం తీసి బయాప్సీకి పంపాలి. అప్పటిదాకా స్టెరాయిడ్ కొత్తగా మొదలుపెట్టకూడదు, మోతాదు పెంచకూడదు: గడ్డ తాత్కాలికంగా కరిగి, నమూనాలో జబ్బు పట్టుబడకుండా పోతుంది.