ఆ చీర పక్కన ఒక అంకె కావాలి

ఢిల్లీ టూర్‌కు వెళ్లిన తెలుగువాళ్లలో చాలామంది సఫ్దర్‌జంగ్ రోడ్డులో ఒకటో నంబరు ఇల్లు చూసే ఉంటారు. ప్రధానిగా ఇందిరా గాంధీ ఉన్న ఇల్లు అది, ఇప్పుడు మ్యూజియం. అద్దం వెనక హత్య జరిగిన రోజు ఆమె కట్టుకున్న కాషాయ రంగు చీర, తూటాల చిల్లులు, రక్తపు మరకలు. శ్రీపెరుంబుదూరు బాంబు పేలుడులో చనిపోయిన ఆమె కొడుకు రాజీవ్ ఒంటి మీద మిగిలిన బట్టలు, బూట్లు కూడా అక్కడే ఉన్నాయి. బయట తోటలో ఆమె కూలిన చోట గాజు పలక. అప్పటిదాకా ఫొటోల గోలలో ఉన్నవాళ్లు కూడా ఆ చీర ముందు గొంతు తగ్గిస్తారు.

చావును ఇలా ప్రదర్శనకు పెట్టడం బాగోదని, తీసి లోపల దాచాలని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఎంత లావు జీవితచరిత్ర అయినా ఆ ఒక్క చిల్లు చెప్పినంత చెప్పలేదు. చీర ఉండాల్సిందే. నా పేచీ అల్లా, ఆ చీర చెప్పే కథ 1984 అక్టోబర్ 31 ఉదయంతో ఆగిపోతుందనే.

ఆ ఉదయం ఆమెను కాల్చింది ఆమె సిక్కు అంగరక్షకులే. ఆ తర్వాత ఏం జరిగింది? తీన్‌మూర్తి భవన్‌లో ఆమె భౌతికకాయాన్ని ఉంచితే, గుంపులు 'ఖూన్ కా బద్‌లా ఖూన్' అని అరిచాయి. ఆ కేకలు దూరదర్శన్‌లో దేశమంతటికీ వినిపించాయి. రక్తానికి రక్తం! ఏ రక్తానికి? ఈ చీర మీద ఉన్నదానికే కదా. ఢిల్లీలోని త్రిలోక్‌పురిలో సిక్కుల మెడలో టైర్లు వేసి తగలబెట్టింది ఈ మరక పేరు చెప్పే. ఒక్క ఢిల్లీలోనే 2,733 మందిని చంపారని సాక్షాత్తూ ప్రభుత్వ లెక్కే చెబుతోంది. ఆ హత్యలకు ఇందిర బాధ్యురాలు కాదు, నిజమే. కానీ ఆమె రక్తాన్ని ఆయుధంగా వాడుకున్నారు. ఆ సంగతి చెప్పకపోతే చూసినవాళ్లు దండం పెట్టుకుని ముందుకు కదులుతారు, అంతే.

పైగా ఇది మనకు దూరపు ముచ్చట కాదు. చనిపోయేనాటికి ఆమె మెదక్ ఎంపీ. అప్పటి కేంద్ర హోంమంత్రి మన పి.వి. నరసింహారావు. ఢిల్లీ పోలీసులు ఆయన శాఖ కిందే ఉండేవారు. ఆయన చేతులు కట్టేశారన్న వాదన ఉంది, ఉండనీ. 2024లో ఆయనకు భారతరత్న ఇచ్చినప్పుడు మన చర్చల్లో ఆ హత్యలు సాగిన రోజుల ఊసు ఎంతసేపు వచ్చింది? నాయకుడి ఫొటోకు దండ పడ్డాక ప్రశ్న అడగడమంటే మనకు అపచారం. ఊరూరా విగ్రహాలు నిలబెట్టుకున్నాం. వాటి కింద పేరు, పుట్టిన తేదీ, ఆవిష్కరించిన మంత్రిగారి పేరు తప్ప ఇంకేం రాయిస్తున్నాం?

పార్లమెంటు దగ్గర్లోని రకాబ్‌గంజ్ గురుద్వారాలో 2017లో సత్యపు గోడ కట్టారు. చనిపోయినవారి పేర్లు చెక్కిన గోడ అది. మన టూర్ బస్సులు అటు తిరగవు. కనీసం 2,733 అన్న అంకెనైనా ఆ చీర ఉన్న అద్దం పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో రాయించాలి.