చెవులు నార్మల్ అన్న రిపోర్టుతో ఆగిపోకండి

"చెవి పరీక్ష చేయించాం మేడం, నార్మల్ అన్నారు. ఇక వీడికున్నది ఒళ్లు బద్ధకమే." పేరెంట్స్ మీటింగుల్లో ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఆ తల్లిదండ్రుల మీద కాదు, రిపోర్టు చేతిలో పెట్టి అంతటితో పంపించేసే పద్ధతి మీద.

మామూలుగా తీసే ఆడియోగ్రామ్‌లో నిశ్శబ్దంగా ఉన్న గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టి, బీప్ వినపడిందా లేదా అని చూస్తారు. మన బడుల్లో నిశ్శబ్దం ఎక్కడుంది? ఫ్యాను చప్పుడు, పక్క క్లాసు ఎక్కాలు, బెంచీలు లాగే మోత, వీటన్నిటి మధ్య టీచరు గొంతు. ఏకోపాధ్యాయ పాఠశాలైతే ఐదు తరగతులూ ఒకే గదిలో. ఆ గోలలోంచి కావలసిన మాటను పట్టుకుని అర్థం చేసుకోవడం మెదడు పని. ఆ పనిలో వచ్చే ఇబ్బందినే ఆడిటరీ ప్రాసెసింగ్ డిజార్డర్ అంటారు. ఆడియోగ్రామ్ నార్మల్‌గా ఉన్నా ఇది ఉండొచ్చు.

నేను పాఠాలు చెప్పే నాలుగో తరగతిలో ఒక పాప ఉండేది. "పరిసరాల విజ్ఞానం తీసి, యాభై రెండో పేజీలో మూడో ప్రశ్నకి జవాబు రాయండి" అంటే పుస్తకం తీసేది, అంతే. పక్కమ్మాయి ఏ పేజీ తిప్పుతోందో ఓరగా చూసేది. డిక్టేషన్‌లో 'పాట' చెప్తే 'బాట' రాసేది. అదే ప్రశ్న బోర్డు మీద రాస్తే అందరికంటే ముందు జవాబు రాసిచ్చేది. మధ్యాహ్నమయ్యేసరికి తలనొప్పి అనేది. ప్రోగ్రెస్ కార్డులో మాత్రం ఏటా ఒకటే మాట: పరధ్యానం.

ఈ లక్షణాలు ఏడీహెచ్‌డీలోనూ (ఏకాగ్రత నిలవని సమస్య), డిస్లెక్సియాలోనూ (చదవడం, రాయడంలో ఇబ్బంది) కనిపిస్తాయి. అసలు దీన్ని విడిగా ఒక సమస్య అనాలా వద్దా అని నిపుణుల్లోనే వాదన ఉంది. ఆ వాదన తేలేదాకా పిల్ల వెనక బెంచీలో కూర్చుని పాఠాలు పోగొట్టుకోవాలా?

గుర్తించడం టీచరు దగ్గరే మొదలవ్వాలి. మైసూరులోని ఆయిష్‌లో (అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ) టీచర్ల కోసం పన్నెండు ప్రశ్నల చెక్‌లిస్టు ఒకటి ఎప్పుడో తయారుచేశారు. దాంతో నిర్ధారణ జరగదు, ఏ పిల్లల్ని పరీక్షకు పంపాలో తెలుస్తుంది. ప్రతి స్టాఫ్ రూములో అది ఎందుకు లేదు? అసలు పరీక్షలు ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) చేయాలి, మామూలుగా ఏడేళ్లు నిండాక చేస్తారు. తెలుగు పిల్లలకు తెలుగు మాటలతోనే చేయాలి. ఇంగ్లిష్ మాటలు పెట్టి చేస్తే, తడబడింది వినడంలోనా, భాష రాకనా అన్నది తేలదు. ఇంగ్లిష్ మీడియంలో కూడా ఇదే చిక్కు. తెలిసిన భాషైతే చెవిన పడని మాటను ఊహతో పూరించుకుంటారు. కొత్త భాషలో ఆ ఆసరా కూడా ఉండదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. వాటిలో ఆడిటరీ ప్రాసెసింగ్ డిజార్డర్ పేరు లేదు. వినికిడి లోపం కింద రావాలంటే రెండు చెవుల్లోనూ కనీసం 60 డెసిబెల్స్ లోపం ఉండాలి. కాబట్టి సర్టిఫికెట్ వస్తే చూద్దాం అని కూర్చోకూడదు. పాపను కిటికీకి, ఫ్యానుకి దూరంగా ముందు వరసలో కూర్చోబెట్టడానికి ఏ జీవో అక్కర్లేదు. బోర్డు వైపు తిరిగి మాట్లాడటం మానేయాలి. ఒకసారికి ఒక్క పనే చెప్పాలి, పేజీ నంబరు రాసి చూపించాలి. బెంచీ కాళ్లకి రబ్బరు ముక్కలు తొడిగితే గదిలో సగం చిరాకు పోతుంది. టీచరు మైకు పెట్టుకుంటే గొంతు నేరుగా పిల్ల చెవికి చేరే రిమోట్ మైక్ పరికరాలూ ఉన్నాయి. అవి ఖరీదైనవి, సర్కారు బడికి సర్కారే ఇవ్వాలి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి సమస్యల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడికి వెళ్లినా, మీ ఊళ్లో ఆడియాలజిస్టు దగ్గరికి వెళ్లినా, "గోలలో మాటలు ఎలా వింటోందో చూసే పరీక్ష చేస్తారా?" అని అడగండి. డిక్టేషన్ నోటుబుక్కు కూడా తీసుకెళ్లి చూపించండి.