విరామానికి హోదా అడ్డు కారాదు

ఒకే కార్యాలయం, ఒకే పనివేళలు. గంటల లెక్కన వేతనం తీసుకునే ఉద్యోగికి భోజన విరామం చట్టం ఇచ్చిన హక్కు. ఆ ఉద్యోగిపై అధికారిగా ఉన్న నెలజీతం వారికి అది యాజమాన్యం దయ. అనేక చట్టాలు ఈ తీరునే ఉన్నాయి. హోదా పెరిగినంత మాత్రాన ఆకలి ఆగదు, అలసట తగ్గదు. విరామం విషయంలో ఈ తేడాను చెరిపేయాలన్నది మా నిశ్చితాభిప్రాయం.

జపాన్ కార్మిక ప్రమాణాల చట్టం 34వ అధికరణ ప్రకారం పని 6 గంటలు దాటితే కనీసం 45 నిమిషాలు, 8 గంటలు దాటితే కనీసం గంట విరామం ఇవ్వాలి. ఆ సమయాన్ని ఎలా గడపాలన్నది ఉద్యోగి ఇష్టం. ఇంత స్పష్టంగా రాసిన చట్టమే 41వ అధికరణలో నిర్వహణ, పర్యవేక్షణ హోదాల్లోని వారిని ఆ రక్షణ నుంచి తప్పించింది. ఐరోపా సమాఖ్య 2003 నాటి పనివేళల ఆదేశం 6 గంటలు దాటిన పనికి విరామం తప్పనిసరి చేస్తూనే, ఉన్నత నిర్వాహకులను మినహాయించే వీలు సభ్యదేశాలకు ఇచ్చింది. భారత్‌లో 2025 వరకు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమూ ఆ దారినే నడిచింది. ఏకబిగిన 5 గంటలకు మించి పని చేయించరాదని, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని అందులోని 55వ సెక్షన్ చెబితే, పర్యవేక్షణ, నిర్వహణ బాధ్యతల్లోని వారిని ఆ పరిధి నుంచి తప్పించే నియమాలకు 64వ సెక్షన్ వీలు కల్పించింది.

పెద్ద హోదాలో ఉన్నవారు తమ సమయాన్ని తామే నిర్ణయించుకోగలరన్న ఊహ ఈ మినహాయింపులకు ఆధారం. నేటి కార్యాలయాల్లో ఆ ఊహ నిలవదు. బృంద నాయకుడి రోజు ఇతరులు పంపిన సమావేశ ఆహ్వానాలతో నిండిపోతుంది. దూరదేశపు కార్యాలయాలతో కలిసి పనిచేసే చోట ఒకరి భోజనవేళ మరొకరికి పని మొదలయ్యే వేళ. చెవులకు హెడ్‌సెట్, కీబోర్డు పక్కన మూత తీసిన డబ్బా. తన పేరు పిలిచేలోగా మైకు ఆపేసి హడావుడిగా రెండు ముద్దలు మింగే ఉద్యోగికి సమయం తన చేతిలో ఉందని ఎవరనగలరు?

ఓవర్‌టైమ్‌నూ విరామాన్నీ ఒకే గాటన కట్టడం ఈ చట్టాల్లోని అసలు లోపం. ఓవర్‌టైమ్ డబ్బుకు సంబంధించినది. జీతం ఎక్కువ ఇస్తున్నందున అదనపు గంటలకు వేరుగా చెల్లించబోమన్న వాదనలో కొంత న్యాయం ఉండొచ్చు. విరామం ఒంటికి సంబంధించినది. దానికి జీతంతో వెలకట్టడం కుదరదు.

అమెరికాలో సమాఖ్య చట్టం భోజన విరామాన్ని తప్పనిసరి చేయలేదు. కానీ ఏది విరామమో, ఏది పనో తేల్చడంలో అక్కడి కార్మిక శాఖ నిబంధనలు నిక్కచ్చిగా ఉన్నాయి. 5 నుంచి 20 నిమిషాల చిన్న విరామాలు పని సమయం కిందికే వస్తాయి. భోజన విరామాన్ని పని లెక్కలోంచి తీసేయాలంటే అది సాధారణంగా 30 నిమిషాలైనా ఉండాలి, అంతసేపూ ఉద్యోగికి ఏ విధీ ఉండకూడదు. పనిచేసే బల్ల దగ్గరే కూర్చుని తినాలని ఆదేశిస్తే ఆ ఉద్యోగి పనిలో ఉన్నట్టే. గంటల వేతనం వారికి ఈ లెక్క అక్కరకొస్తుంది. వారి విరామాన్ని లాక్కున్న యజమాని ఆ సమయానికి డబ్బు కట్టాలి. ఓవర్‌టైమ్ చెల్లింపు నుంచి మినహాయింపు పరిధిలోని నెలజీతం ఉద్యోగి విరామం పోతే మాత్రం యాజమాన్యానికి పైసా ఖర్చు లేదు. అందుకే దాని గురించి పట్టించుకునేవారు ఉండరు. ఏదో ఒకరోజు తప్పిన విరామం క్రమంగా రోజువారీ తంతుగా మారుతుంది. చివరికి విరామం అడిగినవారినే పని తప్పించుకుంటున్నారని అనుమానించే వాతావరణం ఏర్పడుతుంది.

నెలజీతం అంటేనే మినహాయింపు అన్న అపోహ దీనికి తోడైంది. కాలిఫోర్నియాలో 5 గంటలు దాటిన పనికి 30 నిమిషాల భోజన విరామం, ప్రతి 4 గంటలకు 10 నిమిషాల విశ్రాంతి ఇవ్వాలి. భోజన విరామం ఇవ్వని రోజున ఒక గంట వేతనం అదనంగా చెల్లించాలి. నెలజీతం ఇస్తున్నామని చెప్పి దీన్నుంచి తప్పించుకోలేరు. మినహాయింపు వర్తించాలంటే జీతం నిర్ణీత స్థాయికి చేరాలి, పని సమయంలో సగానికి మించి నిర్వహణ, పాలన లేదా వృత్తి నిపుణుల స్థాయి విధులకే పోవాలి, సొంతంగా నిర్ణయాలు తీసుకునే అధికారం ఉండాలి. నియామక పత్రంలో మేనేజర్ అని రాసి రోజంతా గుమాస్తా పని చేయిస్తే ఆ ఉద్యోగికి విరామం హక్కుగానే దక్కాలి. అక్కడి ఉద్యోగులు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

రాత్రివేళ ఒక్కరే విధిలో ఉండే చోట్ల గడియారం చూసి లేచి వెళ్లడం కుదరదన్న అభ్యంతరం సబబే. అలాంటి విధుల్లో తప్పిన విరామానికి బదులు సమానమైన విశ్రాంతి వెనువెంటనే ఇవ్వాలి. వారి ఇబ్బందిని చూపి మిగతా అందరికీ విరామం ఎగ్గొట్టడం తగదు.

ఓవర్‌టైమ్ మినహాయింపుల చర్చ వేరుగా సాగవచ్చు. విరామం నిబంధనల నుంచి మాత్రం హోదా ఆధారిత మినహాయింపులను చట్టసభలు తొలగించాలి, ఉల్లంఘనకు కాలిఫోర్నియా తరహాలో గంట వేతనాన్ని పరిహారంగా నిర్ణయించాలి. అందాకా సంస్థలు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. భోజనవేళ సమావేశాలు పెట్టరాదని, పెట్టినా హాజరు తప్పనిసరి కాదని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వడానికి ఏ చట్టమూ అక్కరలేదు. ఆ ఉత్తర్వు పైఅధికారులతోనే మొదలు కావాలి. అమలవుతోందో లేదో సిబ్బంది వ్యవహారాల విభాగం నెలనెలా చూడాలి.