పది శాతం లెక్క చట్టంలో లేదు

పది శాతం లోపు తీసుకుని కింద మూలం పేరు వేస్తే ఎవరి రచననైనా మాన్యువల్‌లో వాడుకోవచ్చని సాఫ్ట్‌వేర్ మాన్యువళ్ల మీద మీ వ్యాసంలో రాశారు. 1957 కాపీరైట్ చట్టంలో అలాంటి శాతం ఎక్కడా లేదండీ. సెక్షన్ 52(1)(ఎ) మినహాయింపు సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వర్తమాన విషయాల వార్తల వరకే. కస్టమర్‌కి ఇచ్చే యూజర్ గైడ్‌ని సమీక్ష అని వాదించి నెగ్గడం కష్టం. పైగా ఆ క్లాజు కంప్యూటర్ ప్రోగ్రాములకు వర్తించదు, కాబట్టి కోడ్ ముక్కలకి అది అక్కరకు రాదు.

ఎక్కువమంది ఇరుక్కునేది ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో జవాబుల దగ్గర. 2018 మే 2 నుంచి పెట్టినవి సీసీ బీవై-ఎస్ఏ 4.0 (పేరు చెప్పి, అదే లైసెన్సుతో పంచమనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు) కింద ఉన్నాయి, అంతకుముందువి 3.0, మరీ పాతవి 2.5. రాసినవారి పేరు, జవాబు లింకు, లైసెన్సు లింకు, ఏం మార్చారో ఒక ముక్క, ఇవన్నీ ఉండాలి. మార్చి పంచితే అదే లైసెన్సు కింద పంచాలి. మీ మాన్యువల్ టెంప్లేటేమో ప్రతి పేజీ అడుగునా ‘సర్వహక్కులూ మావే’ అని అచ్చేస్తుంది! పేచీ అక్కడే. ఫలానా పేజీలోని ఫలానా భాగానికి ఇది వర్తించదని కాపీరైట్ పేజీలో రాసి తీరాలి.

మొజిల్లా వారి వెబ్ డాక్యుమెంటేషన్ సైటు ఎండీఎన్‌లో 2010 ఆగస్టు 20 నుంచి చేర్చిన కోడ్ నమూనాలు సీసీ0 (అంటే హక్కులన్నీ వదులుకున్నవి), వివరణ మాత్రం బీవై-ఎస్ఏ. కోడ్ తీసుకుని వాక్యాలు మీరే రాసుకోండి. ఎంఐటీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉన్న కోడ్‌ని గణనీయంగా వాడితే కాపీరైట్ లైనుతో పాటు అనుమతి పాఠం మొత్తం అనుబంధంలో పెట్టాలి.

కమాండ్ పేరు, పోర్టు నంబరు, డిఫాల్ట్ విలువ లాంటివి ఎవరి సొత్తూ కావు, నిశ్చింతగా రాయండి.